డిస్కస్ చేపల కొట్లాట

తమ్ముళ్లూ, ఎం.ఎస్సీ. జంతుశాస్త్రం చదువుతూ పత్తర్‌గట్టిలో ఒక ముత్యాల దుకాణంలో సాయంత్రాలు లెక్కలు రాసేవాణ్ణి. అక్కడి అక్వేరియంలో మూడు డిస్కస్ చేపలు. పెద్దది చిన్నదాన్ని మేతకు రానిచ్చేది కాదు. చిన్నది నల్లబడి మూలకు చేరింది. “చేపల చదువే కదా, నువ్వే చూడు” అన్నారు సేఠ్ సాబ్. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి, తెలియదనలేకపోయాను. జబ్బనుకుని మందు వేశాను. పదో రోజున చచ్చిపోయింది. దాని జబ్బు ఆకలి.

డిస్కస్ అమెజాన్ ప్రాంతపు చేప, మన చెరువుల్లోని తిలాపియాకు చుట్టం. గుంపుగా బతుకుతుంది. గుంపులో పై మెట్టు, కింది మెట్టు తప్పవు. రెండు మూడే ఉంటే దెబ్బలన్నీ ఒకదానికే. ఆరుంటే అందరికీ పంచుకుపోతాయి. అయితే ఒక్కో చేపకు సుమారు 40 లీటర్ల నీళ్లు, 28–30 డిగ్రీల వేడి కావాలి. మేత రెండు మూడు చోట్ల వేయాలి. (మన మెస్‌లో సాంబారు బకెట్లు రెండు పెట్టాకే కదా తోపులాట తగ్గింది!) అప్పటికీ ఆగకపోతే కొట్టేదాన్నే కొన్నాళ్లు వేరే తొట్టిలో ఉంచి తిరిగి వదలాలి. అప్పుడు కొత్తగా వచ్చింది అదే అవుతుంది. గుడ్లు పెట్టిన జంట తరమడం వేరు. పిల్లలు తల్లిదండ్రుల ఒంటి జిగురు తిని పెరుగుతాయి గనుక ఆ జంటను విడదీయకుండా మిగతావాటికి అడ్డుగా వల కట్టాలి.

ఆ తొట్టి 250 లీటర్లది. తప్పు నాదేనని చెప్పి, ఇంకో నాలుగు చేపలు కొనమని సేఠ్ సాబ్‌ను అడగడానికి నాకు వారం పట్టింది.