పసుపు నాటుటకు ముందు నేల నెఱుగు విధము: ఆర్మూరు ప్రాంతపు రయితుల కొఱకు

పసుపు ఎనిమిది తొమ్మిది మాసములు భూమిలో నుండు పైరు. మృగశిర కార్తెలో నాటిన దుంప జనవరి వచ్చిన పిమ్మట గాని త్రవ్వకమునకు రాదు. ఎకరమునకు 8 మొదలు 10 క్వింటాళ్ళ విత్తనపు కొమ్ములు కావలయును. మక్కజొన్న చెడినయెడల మరల విత్తి మఱియొక పంట తీయవచ్చును. పసుపు చెడినయెడల విత్తనమును, ఎరువును, ఏడాది కష్టమును ఒక్కమాటుగా పోవును. అట్లు పోయినపుడు తెగుళ్ళనో వానలనో నిందించుట వాడుక. విచారించి చూచినచో పెక్కు తావుల దోషము నేల యడుగున నుండును.

ఆర్మూరు చుట్టును నవనాథ సిద్ధులగుట్ట మొదలుగాగల బండరాళ్ళ గుట్టలను ఎల్లరు నెఱుగుదురు. అట్టి రాయి ఎండకును వానకును శిథిలమై యేర్పడిన నేలయే ఎఱ్ఱచెల్క. గుట్ట దాపున అది ముతక యిసుకతో కూడి పలుచగా నుండును. సన్నని మన్ను వాననీటితో కొట్టుకొనిపోయి పల్లమున చేరును. అచ్చట నేల లోతుగాను, బంకగాను, నలుపుగాను మాఱును. ఇంకను క్రిందికి పోయినచో, నీరు నిలిచి ఆవిరియగు చోట్ల ఉప్పు పైకి తేలి చవుడు పుట్టును. ఇందువలన ఒక్క సర్వే నెంబరులోనే పై చెక్క చెల్కగాను, క్రింది చెక్క రేగడిగాను ఉండుట వింత కాదు. నిజాము కాలపు బందోబస్తులో నేలలకు తరగతులు ఏర్పఱచినది శిస్తు కట్టుటకు. పసుపు నాటుటకు కాదు. దఫ్తరులో చెల్క యని యున్నంత మాత్రమున నమ్మి నాగలి కట్టరాదు.

వేసవిలో చేనికి ఎగువను, నడుమను, దిగువను రెండేసి అడుగుల లోతు గుంటలు త్రవ్వి వాని గోడను చూడవలెను. పై మన్ను ఎన్ని అంగుళములున్నది, క్రింద మొరము తగిలినదా, తెల్లని సున్నపు గులకలున్నవా, గట్టి పొర యున్నదా యని కనిపెట్టవలెను. అడుగు మన్ను బూడిదరంగుగా నుండి త్రుప్పు మచ్చలు కలిగియున్నచో వర్షకాలమున అచ్చట నీరు నిలుచుచున్నదని తెలియవలెను. పిమ్మట పిడికెడు మన్ను తడిపి పిసికి, బొటనవ్రేలితో పట్టీవలె సాగదీయవలెను. ఉండ కట్టనిది ఇసుకనేల. అంగుళము సాగి తెగునది గరపనేల. పసుపునకు ఇది శ్రేష్ఠము. రెండంగుళములు దాటి సాగునది బంకనేల.

ఈ గుంటలలోనే నీటిపరీక్షయు చేయవచ్చును. అన్నిటికన్న ఇది ముఖ్యము. దీనినే రయితులు విడిచిపెట్టుదురు. గుంటను నింపి నీరు పూర్తిగా ఇంకనిచ్చి, మరల నింపి, అంగుళముల గుర్తులు పెట్టిన పుల్లను నిలిపి, గంటకెంత దిగుచున్నదో చూడవలెను. రెండవమాటు నింపుట యెందుకనగా, వేసవిలో రేగడి నెఱ్ఱెలు విచ్చియుండును. మొదట పోసిన నీరు ఆ నెఱ్ఱెలలో పడి చూచుచుండగనే మాయమగును. అది చూచి నీరు బాగుగ దిగుచున్నదని మోసపోవువారు కలరు. తడిసిన రేగడి ఉబ్బి నెఱ్ఱెలు మూసికొనును. ఆషాఢ శ్రావణములలో నుండు స్థితి అదియే. రెండవమాటు గంటకు అంగుళమునకు తక్కువ కాక దిగినచో పసుపు నాటవచ్చును. నాలుగంగుళములు మించి దిగినచో ఆ నేలలో నీరును ఎరువును నిలువవు. తెల్లవారినను నీరు తగ్గనిచో మురుగు కాలువలు తీయనిదే ఆ చెక్కను పసుపునకు పెట్టరాదు.

నీరు నిలిచిన నేలలో దుంపకు గాలి యాడదు. పిథియం అను బూజు అట్టి తేమలో వృద్ధియై దుంపకుళ్ళు కలిగించును. ఆకుల అంచులు ఎండి, కాండపు మొదలు మెత్తబడి, పీకినంతనే మొక్క చేతికి వచ్చును. ఆ దశలో మందు పోయుట వలన ఖర్చు హెచ్చు, ఫలము స్వల్పము. కావున రేగడిలో మట్టపు మడులు మాని ఎత్తుమడులు పోసి, నడిమి కాలువలను చేని దిగువ వఱకు తెగకుండ తీయవలెను.

చెల్కలో ఈ భయము తక్కువ; అచ్చటి చిక్కు వేరు. బంకనేలలో 15 మొదలు 23 తడులతో పండు పైరునకు ఇసుక గరపలో 40 తడుల వఱకు కావలసివచ్చును. కనుక చెల్కలో నాటు రయితు నేలతోపాటు బావిని గూడ కొలుచుకొనవలెను. ఎకరమునకు 10 టన్నుల పశువుల యెరువు వేయుటయు, చెఱువు పూడికమన్ను తోలుటయు చెల్కకు మేలు. 2015లో మిషన్ కాకతీయ మొదలైన పిమ్మట పలువురు ఇట్లు పూడిక తోలుకొనిరి. అయితే చవుడు తగిలిన చెఱువు మన్నును పరీక్షింపక తోలుట చేజేతుల చేనిని చెఱుచుకొనుటయే.

తెల్లని పొర కట్టు చవుడునేలలో పసుపు మాట తలపెట్టవలదు. మురుగు తీసి, పరీక్షను బట్టి జిప్సము వేసి, జీలుగ పెంచి కలియదున్ని, ముందు వరితో బాగుచేయవలెను.

సున్నపు గులకలున్న నేలలో లేతాకుల యీనెలు ఆకుపచ్చగానే యుండి నడుమ భాగము పాలిపోవును. ఇది ఇనుము అందకపోవుటచే కలుగును. యూరియా వేసినను తీఱదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేదియు, 1 గ్రాము నిమ్మ ఉప్పును కలిపి ఆకులపై చల్లవలెను.

పరీక్షాశాలకు పంపు మన్నును 8 మొదలు 10 తావులనుండి 6 అంగుళముల లోతు వఱకు తీయవలెను. గట్లు, చెట్లనీడ, పెంటకుప్పలున్న చోట్లు విడువవలెను. అంతయు కలిపి నీడను ఆరబెట్టి అర కిలో మాత్రము గుడ్డసంచిలో నుంచవలెను. చెల్కయు రేగడియు గల చేనికి రెండు సంచులు వేఱుగా కట్టవలెను. రెంటిని కలిపినచో వచ్చు ఫలితము ఏ నేలదియు కాదు. ఏప్రిల్ నెలలోనే పంపినచో మృగశిరకు ముందుగా ఫలితము చేతికందుటకు వీలగును.