పటం గుడ్డ

సిద్దిపేట జిల్లాలో చేర్యాల ఉంది. అక్కడి నకాశీలు గుడ్డ మీద కథల బొమ్మలు వేస్తారు. దాన్ని పటం అంటారు. పని ఇంట్లోనే. ఆడవాళ్ళు కూడా చేస్తారు.

ఉత్త గుడ్డ రంగును పీల్చేస్తుంది. గీత అలుక్కుపోతుంది. అందుకే ముందు పూత వేస్తారు. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడకబెడతారు. అది చిక్కటి జిగురు అవుతుంది. అందులో సుద్దమట్టి, బియ్యం గంజి, బంక నీళ్ళు కలుపుతారు. గింజలు, గంజి మనం పారబోసేవే కదా!

ఖద్దరు గుడ్డకు ఈ పూత మూడుసార్లు వేస్తారు. ఒక పూత బాగా ఆరాకే ఇంకోటి. తొందర పనికిరాదు. తడి ఆరకముందే పూస్తే పెచ్చులు లేస్తాయి. పెచ్చుతో పాటు బొమ్మా ఊడిపోతుంది. చేసిన కష్టమంతా పోయినట్టే.

పూర్వం కథ చెప్పేవాళ్ళు పటాన్ని చుట్టుకొని ఊరూరా తిరిగేవారు. ఊరు చేరగానే విప్పాలి. కథ అయ్యాక మళ్ళీ చుట్టాలి. అన్నిసార్లు చుట్టినా పూత పగలకూడదు.