పరీక్ష బిళ్ళలు: ఉత్తరం ఎక్కని స్టాంపుల కథ

ఈ ఏడాది సంచికలో తపాలా బిళ్ళల మీద ఒక పాఠం ఉండాలని మన బడి పిల్లలు కొందరు అడిగారు. తపాలా బిళ్ళ అంటే స్టాంపే. పువ్వులు, పక్షులు, నాయకుల బొమ్మలున్న స్టాంపుల గురించి పుస్తకాలు చాలా ఉన్నాయి. మేము మాత్రం ఎవరూ అంతగా పట్టించుకోని ఒక రకం స్టాంపుల గురించి చెప్పదలచుకున్నాం. వీటిని ఉత్తరం మీద అంటిస్తే ఉత్తరం వెళ్ళదు. వీటికి వెల ఉండదు, చాలావాటికి దేశం పేరు కూడా ఉండదు. అయినా వీటి కోసం వెతికే సేకర్తలు ప్రపంచమంతటా ఉన్నారు. వీటిని పరీక్ష బిళ్ళలు అందాం.

ముందు అసలు స్టాంపు ఎలా తయారవుతుందో చూద్దాం. పెద్ద కాగితపు చుట్ట ఒక వైపు నుంచి యంత్రంలోకి వెళుతుంది. కాగితం వెనక జిగురు ముందే పూసి ఉంటుంది. బొమ్మ చెక్కిన లోహపు దొర్లు మీద సిరా పడుతుంది, అదనపు సిరాను ఒక పలుచని ఉక్కు పట్టీ తుడిచేస్తుంది, కాగితం మీద బొమ్మ అచ్చవుతుంది. నాలుగు రంగులుంటే నాలుగు దొర్లు. తర్వాత సిరా ఆరాలి, సన్నటి సూదులు చిల్లులు వెయ్యాలి, కత్తి కాగితాన్ని ముక్కలు చెయ్యాలి. ఇందులో ఏ ఒక్కటి వెంట్రుకవాసి పక్కకు జరిగినా చిల్లుల వరుస బొమ్మ ముఖం మీదుగా పోతుంది, లేదా ఎరుపు రంగు పెదవుల మీద కాక గడ్డం మీద పడుతుంది.

కొత్త యంత్రం తెచ్చిన రోజున ఇవన్నీ ఒకేసారి కుదరవు. వందల గజాల కాగితం నడిపి, ఆపి, మరలు బిగించి, మళ్ళీ నడపాలి. ఆ పని అసలు స్టాంపుతో చేస్తే చిక్కు. ఎందుకంటే స్టాంపు అంటే డబ్బుతో సమానం. అచ్చయిన ప్రతి తావుకూ లెక్క చెప్పాలి, చెడిపోయినదాన్ని కూడా లెక్క రాసి నాశనం చెయ్యాలి. అందుకే ఏ దేశానికీ చెందని బొమ్మ ఒకటి తయారు చేసుకుని, దానితో యంత్రాన్ని పరీక్షిస్తారు. మా సాఫ్ట్‌వేర్ వృత్తిలో కూడా ఇదే పద్ధతి. బ్యాంకు కోసం రాసిన కొత్త ప్రోగ్రామును నిజమైన ఖాతాల మీద పెట్టేముందు ఉత్తుత్తి పేర్లతో, ఉత్తుత్తి లెక్కలతో నడిపి చూస్తాం. ఆ ఉత్తుత్తి ఖాతాలో కోటి రూపాయలున్నా ఎవరికీ నష్టం లేదు!

ఈ అలవాటు స్టాంపు పుట్టిన ఏడాదే మొదలైంది. ప్రపంచంలో మొదటి స్టాంపు ఇంగ్లండులో 1840 మే నెలలో వచ్చిన నల్లటి పెన్నీ బిళ్ళ. దాని మీద ఎర్ర సిరాతో ముద్ర కొట్టేవారు. నలుపు మీద ఎరుపు సరిగా కనిపించేది కాదు. పైగా తెలివైనవారు ఆ ముద్రను తుడిచేసి అదే బిళ్ళను మళ్ళీ వాడుకునేవారు. ఏ రంగులో అచ్చు వేస్తే ముద్రను చెరపడం కుదరదో తెలుసుకోవడానికి అదే ఏడాది పన్నెండు బొమ్మల చిన్న పలక ఒకటి తయారు చేసి, రకరకాల రంగుల్లో అచ్చు వేసి చూశారు. సేకర్తలు వీటిని ఇంద్రధనుస్సు ప్రయోగాలు అంటారు. ఆ బొమ్మల్లో కుడివైపు పై మూల ఖాళీగా వదిలేశారు. అది చూడగానే అసలు స్టాంపు కాదని తెలిసిపోతుంది. ఫలితంగా 1841లో పెన్నీ బిళ్ళ ఎరుపయింది, ముద్ర సిరా నలుపయింది.

ఇప్పుడు మన ఊరి దగ్గరకు వద్దాం. 1852 యుద్ధంలో రంగూన్ ఈస్టిండియా కంపెనీ చేతిలోకి వెళ్ళింది. అప్పటినుంచి 1937 వరకు ఇక్కడ వాడింది ఇండియా స్టాంపులే. కాబట్టి రంగూన్ ఉత్తరాల మీద ఎక్కిన తొలి స్టాంపుల కథ కలకత్తాలో మొదలవుతుంది. ఆ కథంతా ప్రయోగాలే.

మొదట కలకత్తా టంకశాలలో, అంటే నాణేలు కొట్టేచోట, కర్నల్ ఫోర్బ్స్ అనే అధికారి ప్రయత్నించాడు. సింహం, తాటిచెట్టు ఉన్న ముచ్చటైన బొమ్మ వేయించాడు. బొమ్మ బాగుంది కాని దేశానికంతటికీ సరిపడా బిళ్ళలు అచ్చు వేసే శక్తి ఆ యంత్రాలకు లేకపోయింది. అప్పుడు ఆ పని సర్వే శాఖలో ఉన్న కెప్టెన్ థూలియర్‌కు అప్పగించారు. ఆయన శాఖ పటాలను రాతి అచ్చులో ముద్రించేది. నున్నటి రాతి మీద జిడ్డు సిరాతో బొమ్మ దించి, దాన్నుంచి కాగితం మీదకు అచ్చు తీయడమే రాతి అచ్చు. అర్ధణా బిళ్ళను ముందు ఇంగిలీకపు రంగులో, అంటే మెరిసే ఎరుపులో, అచ్చు వేశారు. ఇంగ్లండు నుంచి వచ్చిన రంగు అయిపోయింది. దేశవాళీ ఇంగిలీకం వాడి చూస్తే అది రాతి మీది బొమ్మను పాడుచేసింది. చివరికి అర్ధణా బిళ్ళ నీలం రంగులో, 1854 అక్టోబరులో విడుదలయింది. ముందు వేసిన ఎర్ర అర్ధణాలు తపాలా కార్యాలయాలకు వెళ్ళనేలేదు. మిగిలిన కొద్దిపాటి వాటిని సేకర్తలు ప్రాణంగా చూసుకుంటారు. నిక్కచ్చిగా చెప్పాలంటే అవి పరీక్ష బిళ్ళలు కావు, అమ్మకానికి వేసినవే. అయినా మన ప్రాంతానికి సంబంధించి ఆ జాతికి ఇంతకంటే దగ్గరి చుట్టం లేదనే మా అభిప్రాయం.

అదే ఏడాది వచ్చిన నాలుగణాల బిళ్ళ కథ ఇంకా రుచిగా ఉంటుంది. దానికి రెండు రంగులు. చుట్టూ ఎర్ర చట్రం, మధ్యలో నీలం రంగులో విక్టోరియా రాణి తల. మొదటి తావుల్లో తావుకు పన్నెండు బిళ్ళలే. ఒక్కొక్క తావూ రెండుసార్లు అచ్చుకు వెళ్ళాలి, ఒకసారి ఎరుపుకు, ఒకసారి నీలానికి. రెండోసారి కాగితాన్ని తిరగేసి పెడితే ఏమవుతుంది? రాణిగారు తలకిందులవుతారు. అలాగే అయింది! ఆ పొరపాటు బిళ్ళలు అతి కొద్దిగా మాత్రమే మిగిలాయి. ఇప్పుడవి భారతదేశపు స్టాంపుల్లో అత్యంత ఖరీదైనవాటిలో ఒకటి.

అరవై నాలుగేళ్ళ తర్వాత అమెరికాలోనూ ఇదే జరిగింది. 1918 మేలో విమానపు ఉత్తరాల కోసం ఇరవై నాలుగు సెంట్ల బిళ్ళను హడావిడిగా తెచ్చారు. ఎర్ర చట్రం, నీలం విమానం. విలియం రోబీ అనే ఆయన వాషింగ్టన్ తపాలా కార్యాలయంలో 24 డాలర్లిచ్చి కొన్న నూరు బిళ్ళల తావులో విమానాలన్నీ తలకిందులుగా ఎగురుతున్నాయి. వారం తిరిగేసరికి ఆయన ఆ తావును 15,000 డాలర్లకు అమ్మేశాడు. అమెరికాలో ఈ చిక్కు చాలావరకు తీరింది జియోరి అనే రకం యంత్రంతో. అది ఒకే పలక మీద వేర్వేరు రంగులు పూసి, కాగితాన్ని ఒక్కసారే నడిపి అచ్చు తీస్తుంది. 1957 జులై 4న వచ్చిన నాలుగు సెంట్ల జెండా బిళ్ళ ఆ యంత్రం మీద అమెరికా అచ్చు వేసిన మొదటి స్టాంపు.

జియోరి ఒక్కటే కాదు, జర్మనీలోని గోబెల్, ఫ్రాన్సులోని షాంబాన్ కూడా స్టాంపుల యంత్రాలకు పేరు పొందినవి. ఇలాంటి యంత్రాలు చేసేవారు, స్టాంపులు అచ్చు వేసేవారు తమ పనితనం చూపడానికి సొంత బొమ్మలతో బిళ్ళలు వేసుకునేవారు. మనుషుల ముఖాలు, జంతువులు, భవనాలు, కొన్నిటి మీద కంపెనీ పేరు. ముఖం ఎందుకంటే, మనిషి ముఖంలో నీడలు సన్నగా మారుతాయి. కంటి కింద గీత చెదిరితే ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది. ఈ బిళ్ళల్లో కొన్ని అంత అందంగా ఉంటాయి, అసలు స్టాంపులు వాటి ముందు వెలవెలబోతాయి.

అచ్చు యంత్రాలకే కాదు, స్టాంపులు అమ్మే యంత్రాలకూ పరీక్ష కావాలి. నాణెం వేస్తే చుట్టలోంచి ఒక బిళ్ళ బయటికి రావాలి, రెండు రాకూడదు, మధ్యలో చిరగకూడదు. ఇంగ్లండులో 1930ల చివర ఇందుకోసం వేసిన బిళ్ళ మీద ఖాళీ కోడిగుడ్డు ఆకారం తప్ప ఏమీ లేదు. సేకర్తలు దానికి పోచ్డ్ ఎగ్ అని పేరు పెట్టారు. పెంకు లేకుండా నీళ్ళలో ఉడికించిన గుడ్డు అన్నమాట. మనవాళ్ళయితే హాఫ్ బాయిల్ అనేవారేమో! వీటిలో కొన్ని పొరపాటున యంత్రాల్లోనే ఉండిపోయి, కొన్నవారు ఉత్తరాలకు అంటించారు కూడా. అమెరికాలో అలాంటి చుట్టల మీద, పరీక్ష కోసం మాత్రమే అని ఇంగ్లీషులో అచ్చు వేశారు. అది తికమక లేని పద్ధతి.

మళ్ళీ ఇక్కడికి వద్దాం. 1937 ఏప్రిల్ 1న బర్మా ఇండియా నుంచి విడిపోయినప్పుడు ఇండియా స్టాంపుల మీదే బర్మా అని అచ్చు వేసి వాడారు. 1938 నవంబరులో బర్మాకు సొంత బొమ్మలొచ్చాయి. టేకు దుంగను మోసే ఏనుగు, వరి పొలం, ఐరావతి నది. అవి అచ్చయింది నాసిక్‌లో. తర్వాత 1942లో యుద్ధం వచ్చింది. ఐరావతి డెల్టాలోని మ్యౌంగ్‌మ్య, ప్యాపోన్, హెంజాడా వంటి ఊళ్ళలో ఉన్న బిళ్ళల మీదే నెమలి బొమ్మ అచ్చు వేసి వాడారు. పరీక్షలు పెట్టుకునే తీరిక ఎవరికుంది? నెమలి తలకిందులైనవి, రెండుసార్లు పడినవి ఇప్పటికీ దొరుకుతాయి. వీటికి నకిలీలు చాలా ఎక్కువ. తక్కువ ధరకు నెమలి బిళ్ళ ఇస్తామని ఎవరైనా అంటే తొందరపడకండి.

పరీక్ష బిళ్ళలు సేకరించాలనుకునేవారికి నాలుగు మాటలు. బొగ్యోక్ మార్కెట్లోనో, పన్సోడాన్ వీధి పాత పుస్తకాల దుకాణాల్లోనో దేశం పేరు లేని బిళ్ళ కనిపిస్తే వెంటనే పరీక్ష బిళ్ళ అనుకోవద్దు. ఇంగ్లండు స్టాంపుల మీదా దేశం పేరుండదు, రాజు లేదా రాణి తల మాత్రమే ఉంటుంది. వెల కూడా లేకపోతే, అంచున రంగు చుక్కలో కంపెనీ పేరో ఉంటే అప్పుడు ఆశ పెట్టుకోవచ్చు. అంచు కాగితాన్ని చింపకండి, దాని విలువంతా అక్కడే ఉంటుంది. వెనక జిగురుంటే నీళ్ళలో నానబెట్టకండి. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. అచ్చు కార్యాలయం చెత్తలోంచి దొంగతనంగా బయటికొచ్చిన అసలు స్టాంపుల చెడు తావులు వేరు, పరీక్ష బిళ్ళలు వేరు. మొదటివి కొనడం మంచిది కాదు, ఎంత చవకైనా సరే.

ఇంకో మాట పెద్దలకు. పోచ్డ్ ఎగ్ బిళ్ళ విడిగా ఉన్నప్పటికంటే నిజంగా ప్రయాణం చేసిన కవరు మీద ఉన్నప్పుడే ఎక్కువ కథ చెబుతుంది. మన ఇళ్ళలోని కవర్లకూ అదే వర్తిస్తుంది. కాకినాడ, విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవారి పిల్లలూ మనవలూ ఈ ఊళ్ళో ఇంకా ఉన్నారు. 1942లో కొందరు కాలినడకన కొండలు దాటి వెళ్ళారు. 1964 తర్వాత మరెందరో ఓడలెక్కి విశాఖలో బర్మా కాలనీ కట్టుకున్నారు. ఇక్కడ ఉండిపోయినవారికీ అక్కడికి వెళ్ళినవారికీ మధ్య నడిచిన ఉత్తరాలు కొన్ని ఇళ్ళలో ట్రంకు పెట్టెల అడుగున ఉన్నాయి. స్టాంపు కోసం కవరు మూల కత్తిరించి మిగతాది పారేసినవాళ్ళను మేము చూశాం. కత్తిరించిన బిళ్ళకు మార్కెట్లో టీ ఖర్చు కూడా రాదు. పారేసిన కవరు మీద తాతగారు తెలుగులో రాసిన చిరునామా ఉంటుంది. దయచేసి కత్తిరించకండి. కవరును అలాగే ప్లాస్టిక్ సంచిలో పెట్టి బడికి తీసుకురండి, ఫొటో తీసి వెంటనే ఇచ్చేస్తాం.

ఇక పిల్లలకు ఇంటి పని. ఒక బంగాళాదుంపను రెండు ముక్కలు చెయ్యండి. ఒక ముక్క మీద చట్రం, రెండో ముక్క మీద మీకిష్టమైన బొమ్మ చెక్కండి. తెల్ల కాగితం మీద పన్నెండు గళ్ళు గీసి, ముందు ఎర్ర చట్రం అద్దండి. పూర్తిగా ఆరాక నీలం బొమ్మ అద్దండి. ప్రతి గడి కింద పరీక్ష అని తెలుగులో రాయండి, ఒత్తు మరవద్దు. ఇంట్లో కుట్టు మిషను ఉంటే దారం తీసేసి గళ్ళ మధ్య గీతల మీద నడిపితే చక్కటి చిల్లులు పడతాయి. అయితే అమ్మో నాన్నో పక్కన ఉండాలి, సూది వేళ్ళకు దగ్గరగా ఉంటుంది. పన్నెండింటిలో ఎన్ని చట్రం మధ్యలో సరిగా పడ్డాయో, ఎన్ని పక్కకు జరిగాయో కాగితం వెనక రాసి వచ్చే ఆదివారం తీసుకురండి. తలకిందులుగా పడినవాటిని చింపెయ్యకండి, వాటిని ముందు చూస్తాం.