మాతృత్వం – టెస్టోస్టిరాన్

టెస్టోస్టిరాన్ అనగానే మీసకట్టు, కండబలం గుర్తుకు వస్తాయి. ఈ హార్మోను స్త్రీ శరీరంలోనూ తయారవుతుందన్న సంగతి చాలామందికి తెలియదు. అండాశయాలు, మూత్రపిండాలపై టోపీల వలె అమరి ఉండే అధివృక్క గ్రంథులు దీనిని కొంత నేరుగా స్రవిస్తాయి. మిగిలినది ఇవే విడుదల చేసే ఆండ్రోస్టీన్‌డయోన్ అనే పదార్థం నుండి కొవ్వు, చర్మం వంటి కణజాలాలలో రూపొందుతుంది. రసాయన దృష్టితో చూస్తే ఇందులో వింత లేదు. స్త్రీ హార్మోనుగా పేరుపడిన ఈస్ట్రడయోల్ కూడా ఇటువంటి ‘పురుష’ హార్మోనుల నుండే తయారవుతుంది. పురుషుని రక్తంలో డెసిలీటరుకు సుమారు 300 నుండి 1000 నానోగ్రాముల టెస్టోస్టిరాన్ ఉంటే, స్త్రీలో 15 నుండి 70 వరకు మాత్రమే ఉంటుంది.

ఈ స్వల్ప పరిమాణం కూడా జీవిత దశతో పాటు మారుతుందా? ఫిలిప్పీన్స్ స్త్రీలపై 2010లో వెలువడిన పరిశోధన, పసిబిడ్డల తల్లులలో ఇది తక్కువగా ఉన్నదని తెలిపింది. 2013లో ప్రచురితమైన అధ్యయనంలో 195 మంది నార్వే స్త్రీల రక్తాన్ని ఋతుచక్రపు తొలి దినాలలో, ఉదయం వేళ సేకరించి పరీక్షించారు. మూడేళ్ళు, అంతకు తక్కువ వయసు బిడ్డలున్న తల్లులలో టెస్టోస్టిరాన్ తక్కువగా కనిపించింది. బిడ్డలు అంతకంటే పెద్దవారైన తల్లులలో గాని, సంతానం లేని స్త్రీలలో గాని ఆ తగ్గుదల లేదు. వివాహితలలోనూ అవివాహితల కంటే ఇది తక్కువగా కనిపించింది. 

హార్మోను తక్కువగా ఉన్నవారే తల్లులవుతున్నారేమో అన్న సందేహం సహజం. అదే నిజమైతే పెద్ద పిల్లల తల్లులలోనూ తక్కువగానే ఉండాలి కదా! అయినా ఒకే స్త్రీని కాన్పుకు ముందు, తరువాత పరీక్షించలేదు కనుక కార్యకారణ సంబంధాన్ని నిర్ధారించలేము.

ఈ జాగ్రత్త ప్రవాస తెలుగు కుటుంబాలకు మరింత అవసరం. మన యువతులలో తరచుగా కనిపించే పీసీఓఎస్‌లో టెస్టోస్టిరాన్ పెరిగి, నెలసరి తప్పడం, ముఖంపై రోమాలు, మొటిమలు వంటి లక్షణాలు కలుగుతాయి. “పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయి” అని స్వదేశం నుండి ఫోనులో పెద్దలు ధైర్యం చెబుతారు. పై ఫలితాలను ఆ మాటకు ఆధారంగా చూపడం పొరపాటు. పీసీఓఎస్‌కు ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడంతో దగ్గర సంబంధం ఉన్నది. వివాహం దానికి చికిత్స కాదు. పైగా అండం సక్రమంగా విడుదల కానందువలన గర్భధారణే ఆలస్యం కావచ్చు.

పరీక్ష విషయంలోనూ ఒక చిక్కున్నది. సాధారణ ప్రయోగశాలల ఇమ్యునోఎస్సే పద్ధతి స్త్రీలలోని స్వల్ప పరిమాణాలను సరిగా కొలవలేదు. మాస్ స్పెక్ట్రోమెట్రీ మెరుగైనది. గర్భనిరోధక మాత్రలు ఈ హార్మోనును తగ్గిస్తాయి, జుట్టు కోసం వాడే బయోటిన్ కొన్ని పరీక్షల ఫలితాన్నే తారుమారు చేస్తుంది. రక్తమిచ్చే ముందే ఆ రెండింటి సంగతి డాక్టరుకు చెప్పాలి.