ఆపత్సమయంలో కబురు: కడెం నేర్పే పాఠం

యంత్రం చెడితే బాగుచేసుకోవచ్చు. యంత్రం చెడిన వేళ మనుషుల మధ్య మాట కూడా చెడితే? ఈ ప్రశ్న మన పాఠ్యపుస్తకాల్లో అరుదుగా కనబడుతుంది. అందుకే మన పాత ఆదిలాబాదు జిల్లాలోని, ఇప్పటి నిర్మల్ జిల్లాలోని కడెం ప్రాజెక్టును ఉదాహరణగా తీసుకుంటున్నాను.

1958లో వరద నీరు కడెం కట్ట మీదుగా పొర్లి, గండ్లు పడ్డాయి. ఇప్పుడున్న 18 గేట్లూ ఎత్తితే బయటికి పోయేది సుమారు 3 లక్షల క్యూసెక్కులు. 2022 జూలై 13 రాత్రి వచ్చిన వరద దాదాపు 5 లక్షలు. పైగా ఒక గేటు లేవనే లేదు.

ఇక్కడ చిన్న లెక్క చేద్దాం. గేట్లన్నీ లేచాయనుకున్నా సెకనుకు 2 లక్షల ఘనపుటడుగుల నీరు లోపలే మిగులుతుంది. ఒక టి.ఎం.సి. అంటే 100 కోట్ల ఘనపుటడుగులు. భాగిస్తే 5,000 సెకన్లు, అంటే గంటా 23 నిమిషాలు. వరద అలాగే సాగితే అంతసేపటికొక టి.ఎం.సి. చొప్పున పేరుకుంటుంది. జలాశయం మొత్తం పట్టేదే ఏడున్నర టి.ఎం.సి.లు! గేట్లెత్తాక ఇంజనీరు చేతిలో మిగిలేది కబురొక్కటే. ఆనాడు దిగువ గ్రామాలను ఖాళీ చేయించారు. అదృష్టవశాత్తు కట్ట నిలిచింది.

ఇటువంటి వేళ ఎవరు ఎవరితో ఏం చెప్పాలి? నాకు తోచినవి ఇవి.

మొదటిది: నిర్ణయించేవాడు ఒక్కడే ఉండాలి, అతడు గేటు మోటారు దగ్గర కూర్చోకూడదు. గేటు దగ్గరున్నవానికి గేటే లోకం.

రెండవది: బయటి ఫోన్లన్నిటికీ జవాబు చెప్పే మనిషి వేరే ఉండాలి. పని చేసేవాణ్ణి పదిమంది పదిసార్లు అడిగితే పని సాగదు.

మూడవది: "నీళ్లు మస్తుగ వస్తున్నయ్" అన్నది కబురు కాదు. ఎన్ని గంటలకు మట్టమెంత, పది నిమిషాల్లో ఎంత పెరిగింది, ఇదీ కబురు. విన్నవాడు దాన్ని తిరిగి చెప్పాలి, రాసుకోవాలి. రైల్వే స్టేషను మాస్టర్లు లైన్ క్లియరు ఇచ్చేటప్పుడు ప్రైవేటు నంబరు చెప్పుకొని రిజిస్టరులో రాసుకునేది ఇందుకే.

నాలుగవది అన్నిటికన్నా కష్టమైనది: చెడువార్త ముందు చేరాలి. ఒక్కో గేటు వాటా సగటున 16 వేల క్యూసెక్కుల పైమాటే. "సార్, గేటు లేస్తలేదు" అన్న మాట భయంతో ఆగిపోతే, పైవాడు ఆ నీళ్లు పోతున్నాయనే లెక్కలోనే ఉంటాడు. ఆ తప్పుకు మూల్యం చెల్లించేది దిగువ ఊళ్లో నిద్రపోతున్నవాడు.

ఇతరులకు నీతులు చెప్పడమెందుకు? ప్రాక్టికల్సులో రీడింగు తప్పితే సారుకు చెప్పకుండా దిద్దుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. మార్కులు పోతాయని భయం. ఆ అలవాటే రేపు గేటు దగ్గరికి మనతో వస్తుంది. కాబట్టి మిత్రులారా, "తప్పింది సార్" అనడం ల్యాబులోనే నేర్చుకుందాం. అధ్యాపకులకు నాదొక మనవి: అలా చెప్పినవాణ్ణి ముందు వినండి, తర్వాత కోప్పడండి.