కొండవాలు తోటలో మినీ ట్రాక్టర్: అడ్డంగానా, నిలువునా?

తొలకరి పడింది. సీతంపేట, పార్వతీపురం, రంపచోడవరం వైపు జీడిమామిడి తోటల్లో గింజ ఏరడం ముగిసింది, చెట్ల మధ్య కలుపు లేస్తోంది. చిత్తూరు వైపు మామిడి కాపు దించుకున్నవాళ్లు కూడా మొదటి దుక్కికి చూస్తుంటారు. ఒకప్పుడు ఈ పని ఎద్దులది. ఇప్పుడు మినీ ట్రాక్టర్లది. కొమ్మల కింద దూరేంత పొట్టిగా, సాలు మధ్య పట్టేంత సన్నంగా ఉంటాయి కాబట్టి తోట రైతుకు అవి వరమే. చిక్కల్లా ఆ సన్నదనంతోనే. చక్రాల ఎడం తగ్గిన కొద్దీ బండి ఒరిగిపోయే గుణం పెరుగుతుంది.

వాలు భూముల్లో వాలుకు అడ్డంగా దున్నమని ఈ పేజీలో ఏటా రాస్తూనే ఉన్నాం. మట్టి కోతకు అంతకన్నా చవకైన మందు లేదు. అడ్డంగా వేసిన ప్రతి చాలూ వాన నీటిని కాసేపు పట్టి ఉంచుతుంది. అయితే అది ఎద్దుల నాగలి నాటి సలహా. ట్రాక్టర్ వాలుకు అడ్డంగా నడిస్తే పల్లం వైపు ఒరుగుతుంది. ఆ భయంతో చాలామంది డ్రైవర్లు నిలువునా, అంటే కొండ మీదికీ కిందికీ దున్నేస్తున్నారు. బండి నిలబడుతుంది గానీ, ఆ చాళ్లన్నీ మొదటి గట్టి వానకే కాలవలై పైమట్టిని కింది వాగులో కలుపుతాయి. నా మాట ఇది: అడ్డంగా నడపలేనంత ఏటవాలుగా ఉన్న చోట నిలువునా దున్నడమూ తప్పే. అక్కడికి ట్రాక్టర్ వెళ్లకూడదు.

ఎంత వాలైతే వెళ్లకూడదో తేల్చుకోవాలంటే ముందు కొలవాలి. "కాస్త ఏటవాలేనండీ, ఏం కాదు" అంటే సరిపోదు. మీటరు పొడవు తిన్నని కర్ర, తాపీ మేస్త్రీ దగ్గరుండే రసమట్టం, కొలత టేపు పట్టుకుని తోటలోకి వెళ్లండి. కర్ర ఒక కొసను పైవైపు నేలకు ఆనించండి. రసమట్టాన్ని కర్ర మీద పెట్టి, బుడగ నడిమికి వచ్చేదాకా రెండో కొసను పైకెత్తండి. ఆ కొస నుంచి నేలకు నిలువుగా ఎన్ని సెంటీమీటర్లుంటే వాలు అంత శాతం. 12 సెంటీమీటర్లుంటే 12 శాతం. బాట పక్కన ఒక్కచోట కొలిచి ఊరుకోకండి, కంటికి అన్నిటికన్నా ఏటవాలుగా కనిపించే చోట్ల కొలవండి. శాతం వేరు, డిగ్రీలు వేరు అన్నది కూడా గుర్తుండాలి. 100 శాతం వాలంటే 45 డిగ్రీలే, 15 శాతం అంటే ఎనిమిదిన్నర డిగ్రీలే. ఫోనులో వాలు చూపే యాప్‌లు ఎక్కువగా డిగ్రీలు చూపిస్తాయి. అక్కడ 15 అని కనిపిస్తే అది దాదాపు 27 శాతం!

నేల ఆరి, రాళ్లు ఏరి ఉన్న తోటలో 8 శాతం దాకా మినీ ట్రాక్టర్‌తో అడ్డంగా దున్నుకోవచ్చు. 8 నుంచి 15 దాకా కింద చెప్పే జాగ్రత్తలన్నీ తీసుకుంటేనే. 15 దాటితే వద్దు. మన తోటల రాయీ రప్పా, తొలకరి జారుడూ చూసి నేను గీసిన గీత ఇది. మీ ట్రాక్టర్‌తో ఇచ్చిన పుస్తకం ఇంతకన్నా తక్కువ చెబితే దాని మాటే వినండి.

"15 శాతమంటే ఎనిమిదిన్నర డిగ్రీలేగా, అంతకే పడిపోతుందా?" అని అడగవచ్చు. అంతకే పడదు. చక్రాల మధ్య ఎడం 90 సెంటీమీటర్లు, గురుత్వ కేంద్రం నేలకు 60 సెంటీమీటర్ల ఎత్తున ఉన్న బండిని తీసుకుందాం. కాగితం మీద అది 36 డిగ్రీల దాకా నిలబడాలి. కానీ ట్రాక్టర్ ముందు ఇరుసు నడిమి కీలు మీద ఊగుతుంది. అందుకని బండి నిజానికి నాలుగు కాళ్ల మీద కాదు, మూడు కాళ్ల పీటలా రెండు వెనక చక్రాల మీదా, ఆ కీలు మీదా నిలబడి ఉంటుంది. దాంతో అయిదారు డిగ్రీలు పోయి 30 మిగులుతాయి. ఇక పల్లం వైపు చక్రం 10 సెంటీమీటర్ల గుంటలో దిగి, అదే క్షణంలో మిట్ట వైపు చక్రం 10 సెంటీమీటర్ల రాయెక్కిందనుకోండి. 90 సెంటీమీటర్ల ఎడం మీద 20 సెంటీమీటర్ల తేడా వస్తే బండి మరో 12, 13 డిగ్రీలు ఒరుగుతుంది. ఎనిమిదిన్నరా అదీ కలిపితే 21. ఆ సమయంలోనే సాలు చివర గంటకు 8 కిలోమీటర్ల వేగంతో, 4 మీటర్ల మలుపులో కొండ వైపు స్టీరింగ్ తిప్పితే, పల్లం వైపుకు తోసే బలం ఇంకో 7 డిగ్రీల వాలుతో సమానం. మొత్తం 28 అయింది. మలుపులో రొటావేటరు పైకెత్తి ఉంటే గురుత్వ కేంద్రం కూడా పైకి జరుగుతుంది, ఇందాకటి 30 కాస్తా ఇంకా తగ్గుతుంది. ఎనిమిదిన్నర డిగ్రీల నేల మీద బండి తిరగబడేది ఇలాగే.

ఈ లెక్కలోనే మనం చేయాల్సిన పనులన్నీ ఉన్నాయి. మొదటిది, దున్నే ముందు తోటంతా నడవడం. గడ్డిలో దాగిన రాళ్లు, పుట్టలు, కిందటేటి వానకు పడిన గండ్లు, పీకేసిన చెట్ల గుంతలు చూసి ఒక్కోచోట కర్ర పాతి గుడ్డ కట్టండి. ట్రాక్టర్ మీద కూర్చుంటే ఇవి కనబడవు. రెండోది, వేగం. వేగం సగం చేస్తే మలుపులో తోసే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. అడ్డంగా పోతూ తిప్పాల్సి వస్తే పల్లం వైపే, నెమ్మదిగా తిప్పాలి. బండి ఒరుగుతోందనిపిస్తే కూడా అంతే: స్టీరింగ్ పల్లం వైపు తిప్పాలి, బ్రేకు తొక్కకూడదు. భయంలో చెయ్యి కొండ వైపే లాగుతుంది. కొత్త డ్రైవరుకు ఈ ఒక్క మాట పొలంలో దిగకముందే రెండుసార్లు చెప్పండి.

బండిని కూడా వాలుకు తగ్గట్టు సిద్ధం చేసుకోవాలి. చాలా మినీ ట్రాక్టర్లలో వెనక చక్రాల రిమ్ములు, డిస్కులు తిప్పి బిగిస్తే చక్రాల ఎడం పెరుగుతుంది. సాలు మధ్య చోటున్నంత మేర వెడల్పు చేసుకోండి. బిగించాక టైరు పట్టీలు ముందు ఉన్న దిక్కుకే ఉన్నాయో లేదో చూడండి. ఒక గంట నడిపాక నట్లు మళ్లీ బిగించాలి, దీన్నే చాలామంది మరిచిపోతారు. వెనక టైర్లలో నీళ్లు నింపించడం ఇంకో మంచి పని. వాల్వు పైకి ఉండేలా చక్రాన్ని తిప్పి, వాల్వు మట్టం దాకా నింపితే సుమారు ముప్పాతిక వంతు అవుతుంది, మిగతాది గాలి. లీటరుకు కిలో చొప్పున ఆ బరువంతా కిందనే ఉంటుంది. పైన ఎంత బరువు కట్టినా ఆ మేలు రాదు. రెండు బ్రేకు పెడళ్లనూ కలిపే కొక్కెం వాలులో దిగే ముందే వేసి ఉంచాలి. ఒక్క బ్రేకే పడితే బండి గిర్రున తిరుగుతుంది. డీజిలు ట్యాంకు సగానికి తగ్గనివ్వకండి. ఒరిగినప్పుడు గొట్టం గాలి పీల్చి, వాలు మధ్యలో ఇంజన్ ఆగిపోతుంది.

మడ్‌గార్డు మీద ఇంకో మనిషిని కూర్చోబెట్టుకోవడం మన వైపు మర్యాదల్లో ఒకటైపోయింది. బోల్తా పడితే మొదట బండి కింద పడేది ఆ మనిషే. నీడ కోసం వేసిన పైకప్పును కూడా రక్షణ అనుకోకండి, ట్రాక్టర్ బరువుకు అది అప్పడంలా నలిగిపోతుంది. సీటు వెనక కంపెనీవాళ్లు బిగించిన ఉక్కు కమాను, రోప్స్ అనేది, ఉంటే దాన్ని నిలబెట్టే ఉంచి సీటు బెల్టు పెట్టుకోవాలి. కమాను లేని బండిలోనూ, కొమ్మలు తగులుతాయని దాన్ని మడిచినప్పుడూ బెల్టు పెట్టుకోకూడదు. కమాను మడిచి నడపాల్సినంత గుబురున్న చోటు ఏటవాలుగా కూడా ఉంటే ఆ సాలు వదిలేయడమే మేలు. ట్రాక్టర్ ఎక్కడం, దిగడం ఎప్పుడూ కొండ వైపు నుంచే.

పొలంలోకి వెళ్లే దారిలో ఎత్తు ఎక్కక తప్పదు. వెనక రొటావేటరు తగిలించుకుని ముందుకు ఎక్కితే బరువంతా వెనక ఇరుసు మీద పడి ముందు చక్రాలు తేలిపోతాయి. దుంగో, బండరాయో లాగడానికి గొలుసును పైలింకు దగ్గరో, ఇరుసుకో కట్టి క్లచ్చి ఒక్కసారిగా వదిలితే ట్రాక్టర్ వెనక్కి తిరగబడుతుంది. రెండు సెకన్ల లోపే అయిపోతుంది, కాలు మళ్లీ క్లచ్చి మీదికి చేరే వ్యవధి ఉండదు. లాగే బరువు ఏదైనా కింది డ్రాబార్‌కే కట్టాలి. వెనక పనిముట్టుతో నిటారు ఎత్తు ఎక్కాల్సి వస్తే రివర్సులో ఎక్కి, ముందుకు దిగండి. బరువైన కొస కొండ వైపు ఉండాలన్నది సూత్రం. దిగేటప్పుడు గేరు పైనుంచే వేసుకోవాలి, ఎక్కినంత చిన్న గేరే. మధ్యలో క్లచ్చి తొక్కినా, న్యూట్రల్ చేసినా ఇంజన్ పట్టు పోతుంది. రెండు చక్రాల డ్రైవు బండికి బ్రేకులు వెనకే ఉంటాయి, దిగేటప్పుడు బరువు ముందుకు పోయి ఆ వెనక చక్రాలే తేలికవుతాయి. నాలుగు చక్రాల డ్రైవు ఉంటే దిగేటప్పుడు కూడా వేసే ఉంచండి. ఎక్కడానికి మాత్రమే వేసేవాళ్లు దాని సగం లాభం వదులుకుంటున్నట్టే. తిరిగే రొటావేటరు కూడా బండిని ముందుకే తోస్తుంది. గట్టి నేల తగిలినప్పుడు పళ్లు లోపలికి దిగక, చక్రాల్లా దొర్లి బండిని ఎగదోస్తాయి. అందుకే పల్లానికి దిగుతూ రొటావేటరు వేయకండి.

ఎరువుల ట్రక్కును కొండవాలు తోటలోకి అసలు దించకండి. దానికి సొంత బ్రేకులు ఉండవు, దిగుతుంటే ట్రాక్టర్‌ను వెనక నుంచి తోసి అడ్డం తిప్పేస్తుంది. బస్తాలు గట్టు మీద దించి తట్టలతో మోయించడం ఖర్చే, అయినా అదే దారి. మందు కొట్టే ట్యాంకు సగం నిండి ఉన్నప్పుడు నీళ్లు అటూ ఇటూ ఊగి బండిని లాగుతాయి. వాలులో ఆ పని చేతి పంపుతోనో, గట్టు మీద పెట్టిన పంపుకు పొడవాటి గొట్టం తగిలించో చేయించండి.

వాన వెలిసిన మర్నాడే దిగొద్దు. పైన రెండంగుళాలు తడిసి కింద గట్టిగా ఉన్న ఎర్రనేల మీద టైరు పట్టదు. చెట్ల కింద తడిసిన ఆకు అంతకన్నా జారుతుంది. గుప్పెట్లో పిసికిన మట్టి పొడిపొడిగా విడిపోయే పదును వచ్చేదాకా ఆగండి. మెట్లు చెక్కిన తోటల్లో గట్టు అంచుకు దగ్గరగా పోకండి. గట్టు ఎంత ఎత్తుంటే అంచు నుంచి కనీసం అంత దూరంలో చక్రం ఉండాలి, తడిసిన గట్టు చెప్పి విరగదు.

ఇక 15 శాతం దాటిన ముక్కల సంగతి. అక్కడ కలుపు తీయడానికి బ్రష్ కట్టర్ చాలు. గడ్డి మొదలంటా కోసి వేర్లు వదిలేస్తే మట్టి కదలదు, కోసిన గడ్డి పాదుల్లో కప్పుగా పనికొస్తుంది. జీడిమామిడి చెట్టు చుట్టూ పల్లం వైపు అర్ధచంద్రాకారంలో కట్ట వేసి, పైనుంచి వచ్చే నీరూ ఎరువూ మొదట్లో నిలిచేలా చేయండి. కొత్త గుంతలు పలుగూ పారతో తీయించాలి, లేదా చేతితో పట్టుకునే ఆగర్‌తో. రెండు వరసలకో చోట వాలుకు అడ్డంగా వట్టివేరు పిలకలు జానెడు ఎడంలోపు నాటితే రెండు మూడేళ్లలో దాని వెనక మట్టి పేరుకుని సహజమైన గట్టు ఏర్పడుతుంది. పిలకలు నాటడానికి జూలై నెల అనువైన అదను. నేల తడిగా ఉన్నప్పుడు నాటి, పది రోజుల్లో చచ్చినవాటి చోట మళ్లీ వేసుకోండి.