ఊరు దాటితే విదేశమే: సింగపూర్ ఎయిర్‌లైన్స్ కథ

పిల్లలూ, ముందుగా ఒక చిన్న ప్రశ్న. హైదరాబాద్ నుంచి విశాఖపట్నానికి విమానంలో వెళ్తాం. మరి జురాంగ్ నుంచి టాంపనీస్‌కి విమానం ఉందా? నవ్వొస్తోంది కదూ! సింగపూర్ ఈ చివరి నుంచి ఆ చివరికి సుమారు 50 కిలోమీటర్లు. విజయవాడలో బయలుదేరి గుంటూరు దాటి ఇంకొంచెం వెళ్తే అంతే దూరం. ఇక్కడ విమానం పైకి లేచి కాసేపు ఎగిరిందంటే పరాయి దేశమో, సముద్రమో వచ్చేస్తుంది.

సింగపూర్ ఎయిర్‌లైన్స్ కథంతా ఈ ప్రశ్నలోనే ఉంది. స్వదేశంలో ఒక్క సర్వీసు కూడా నడపలేని జాతీయ విమాన సంస్థ ఇది. అలాంటి సంస్థ ఎలా పుట్టింది, ఎలా నిలబడింది అన్నదే ఈ పాఠం.

ఐదుగురు ప్రయాణికుల విమానం

1937లో ఓడలు నడిపే కంపెనీలు, బ్రిటన్‌కు చెందిన ఇంపీరియల్ ఎయిర్‌వేస్ కలిసి మలయన్ ఎయిర్‌వేస్ అనే కంపెనీని స్థాపించాయి. మధ్యలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. చివరికి 1947 మే 1న తొలి రెగ్యులర్ సర్వీసు విమానం సింగపూర్ నుంచి కౌలాలంపూర్, ఈపో, పెనాంగ్ వెళ్లింది. ఆ విమానం పేరు ఎయిర్‌స్పీడ్ కాన్సల్. రెండు ఇంజన్లు, ఐదుగురు ప్రయాణికులకు చోటు, అంతే!

1963లో మలేషియా ఏర్పడింది. 1965 ఆగస్టు 9న సింగపూర్ విడిపోయి స్వతంత్ర దేశమైంది. విమాన సంస్థ మాత్రం ఉమ్మడిగానే ఉండి, 1966లో మలేషియా-సింగపూర్ ఎయిర్‌లైన్స్ అయింది. కానీ ఇద్దరి అవసరాలు వేరు. మలేషియాకు తన ఊళ్లను కలిపే సర్వీసులు కావాలి. సింగపూర్‌కు దూర దేశాలకు వెళ్లే సర్వీసులు కావాలి. 1972 అక్టోబర్ 1న అన్నదమ్ముల్లా వేరుపడ్డారు. ఆ పంపకం పొలం ఒకరికి, బండి ఒకరికి వచ్చినట్టు జరిగింది. దేశీయ మార్గాలు మలేషియాకు వెళ్లాయి. 10 బోయింగ్ విమానాలు, సింగపూర్ నుంచి బయటికి వెళ్లే అంతర్జాతీయ మార్గాలు సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కు వచ్చాయి.

ఇంజనీరింగ్ చదివిన జె.వై. పిళ్లై తొలి ఛైర్మన్‌గా 1996 వరకు ఉన్నారు. ఇది దేశ గౌరవం కోసం నష్టాల్లో నడిపే సంస్థ కాదు, సొంత కాళ్ల మీద నిలబడాలి అన్నది మొదటి నుంచీ ఉన్న నియమం. మరుసటి ఏడాదే, అంటే 1973లో, పెద్ద బోయింగ్ 747 విమానాలు వచ్చాయి.

ఆకాశానికీ తలుపులుంటాయి

ఆకాశంలో గోడలు లేవు కానీ సరిహద్దులున్నాయి. ప్రతి దేశానికీ తన ఆకాశం మీద పూర్తి అధికారం ఉంటుందని 1944 షికాగో ఒప్పందం చెప్పింది. కాబట్టి ఏ దేశానికి వెళ్లాలన్నా ఆ దేశంతో ఒప్పందం ఉండాలి.

దీనికి ఒక మంచి ఉదాహరణ కాంకార్డ్. ధ్వని కంటే వేగంగా వెళ్లే ఆ విమానాన్ని 1977 డిసెంబరులో సింగపూర్, బహ్రెయిన్, లండన్ మధ్య బ్రిటిష్ ఎయిర్‌వేస్‌తో కలిసి మొదలుపెట్టారు. విమానానికి ఒక పక్క ఒక సంస్థ రంగులు, రెండో పక్క ఇంకో సంస్థ రంగులు! చప్పుడు ఎక్కువని మలేషియా అభ్యంతరం చెప్పడంతో కొద్ది రోజులకే ఆగిపోయింది. 1979లో మళ్లీ మొదలైనా 1980లో పూర్తిగా ఆపేశారు. ఎంత గొప్ప విమానమైనా పొరుగువారు ఒప్పుకోకపోతే ఎగరలేదు.

ఆకాశంలో బెజవాడ జంక్షన్

మరి సొంత ప్రయాణికులు తక్కువున్న దేశం ఇంత పెద్ద విమానాలను ఎలా నింపుతుంది? బెజవాడ జంక్షన్‌ని గుర్తు చేసుకోండి. అక్కడ రైలు మారేవాళ్లందరూ బెజవాడ వాళ్లు కారు కదా! అలాగే హైదరాబాద్ నుంచి సిడ్నీ వెళ్లే ప్రయాణికుడు చాంగీలో దిగి ఇంకో విమానం ఎక్కుతాడు. అతనిది సింగపూర్ కాదు, వెళ్లేదీ సింగపూర్‌కి కాదు. అయినా రెండు టికెట్ల డబ్బూ ఇక్కడికే వస్తుంది. 1981లో మొదలైన చాంగీ విమానాశ్రయం, విమాన సంస్థ ఒకదానికొకటి ఆసరాగా పెరిగాయి. ఐరోపాలో 1919లో పుట్టిన డచ్ సంస్థ కేఎల్ఎంది కూడా ఇదే పద్ధతి. చిన్న దేశం, ఆమ్‌స్టర్‌డామ్‌లో పెద్ద జంక్షన్. అయితే చిన్న దేశాల సంస్థలన్నీ నిలబడలేదు. బెల్జియం సంస్థ సబీనా 2001లో దివాలా తీసింది.

కష్టకాలం

ఈ సంస్థ చరిత్రలో విషాదమూ ఉంది. 2000 అక్టోబర్ 31న తైపేలో, తుఫాను వానలో, మూసి ఉన్న రన్‌వే మీద నుంచి ఎగరబోయిన విమానం ప్రమాదానికి గురై 83 మంది చనిపోయారు.

2020లో కోవిడ్ వచ్చింది. పెద్ద దేశాల సంస్థలు స్వదేశంలో కొన్నయినా విమానాలు నడుపుకున్నాయి. ఇక్కడ ఆ దారే లేదు. సిల్క్‌ఎయిర్‌తో కలిపి 147 విమానాల్లో సుమారు 138 నేల మీదే ఆగిపోయాయి. విమాన సిబ్బందిలో కొందరు ఆసుపత్రుల్లో రోగులకు సాయంగా పనిచేశారు. వాటాదారుల నుంచి 880 కోట్ల సింగపూర్ డాలర్లు సమకూర్చుకుని సంస్థ ఊపిరి నిలుపుకుంది. 2020-21లో నష్టం సుమారు 427 కోట్ల డాలర్లు. ఇండియాలో ఉన్న అమ్మానాన్నలను చూడలేక బాధపడిన ఆ నెలలు మనలో చాలా ఇళ్లలో ఇంకా గుర్తే.

తనకు లేని దేశీయ ఆకాశాన్ని ఈ సంస్థ మన ఇండియాలో వెతుక్కుంది. టాటాలతో కలిసి పెట్టిన విస్తారా 2015 జనవరిలో ఎగిరింది. 2024 నవంబరులో అది ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. అప్పటి నుంచి సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కు ఎయిర్ ఇండియాలో 25.1 శాతం వాటా ఉంది.

చిన్నగా ఉండటం లోటే. కానీ ఆ లోటే ఈ సంస్థను మొదటి రోజు నుంచీ ప్రపంచం వైపు చూసేలా చేసింది.

అమ్మానాన్నలతో కలిసి చేయండి

1. ప్రపంచ పటంలో హైదరాబాద్, సింగపూర్, సిడ్నీలను గుర్తించి గీతతో కలపండి. సింగపూర్ దారిలోనే ఉందా?
2. దేశీయ సర్వీసులు లేకపోవడం వల్ల కోవిడ్ సమయంలో ఎందుకు ఎక్కువ నష్టం వచ్చింది? మూడు వాక్యాల్లో రాయండి.
3. మీ అమ్మగానీ, నాన్నగానీ సింగపూర్‌కి మొదటిసారి ఏ సంవత్సరంలో, ఏ ఊరి నుంచి వచ్చారో అడిగి తెలుగులో రాయండి.
4. అర్థాలు నేర్చుకోండి: దేశీయ = సొంత దేశం లోపలి; ఒప్పందం = ఇద్దరూ కలిసి ఒప్పుకున్న మాట; వాటాదారు = కంపెనీలో భాగం ఉన్నవారు.